పదకోశ నిర్మాణమున డేటాబేసు అనుసంధానము

పదకోశ సామగ్రిని చీటీలపై గాక డేటాబేసులలో కూర్చుట నేడు సామాన్యమైనది. పట్టికలోని వరుసను ప్రోగ్రామునకు వస్తురూపమున అందించు దుబాసీ వంటిది ఓ.ఆర్.ఎం. గ్రంథాలయము. పైథాన్ భాషలో 2006లో వెలువడిన ఎస్‌క్యూఎల్‌ఆల్కెమీ అట్టిది.

ఇందు మొదటి పని ఇంజను నిర్మాణము. డేటాబేసు జాతి, డ్రైవరు, వాడుకరి పేరు, సంకేతపదము, సర్వరు చిరునామా, డేటాబేసు పేరు అను వానిని ఒక్క వాక్యముగా కూర్చి ఇంజనునకు ఇయ్యవలెను. ఇంతమాత్రమున అనుసంధానము ఏర్పడదు. తొలి ప్రశ్న వెడలినప్పుడే ఇంజను సర్వరు తలుపు తట్టును. సంకేతపదము తప్పైనను అంతవరకు బయటపడదు.

ఇంజను వెనుక అనుసంధానముల నిల్వ యొకటి కలదు. సాధారణముగా 5 నిలిచియుండును. అవసరమైనచో మరి 10 తెరువబడును. పదునారవవాడు 30 సెకండ్లు వేచి, పిదప దోషసూచనను పొందును. మైఎస్‌క్యూఎల్ సర్వరు 28,800 సెకండ్లు, అనగా 8 గంటలు, పనిలేక యున్న అనుసంధానమును తానే త్రెంచును. రాత్రి మూసిన పని ఉదయమున తొలి ప్రశ్నకే విఫలమగుటకు తరచుగా ఇదియే హేతువు. అంతకు తక్కువ గడువున అనుసంధానములను మార్చునట్లు ఇంజనును నియమించిన చాలును.

తెలుగువారికి ఇంతకంటె ముఖ్యమైనది లిపి సంకేతనము. యూనికోడ్‌లో "తెలుగు" అను మాట 6 సంకేతములు; యుటిఎఫ్-8లో 18 బైట్లు. పట్టిక సరిగానుండి, అనుసంధానము మాత్రము లాటిన్1 అని ప్రకటింపబడినచో, చదివినప్పుడు 6 ప్రశ్నార్థకములు కన్పట్టును. భయము లేదు, ప్రకటనను సవరించిన మాట తిరిగి వచ్చును. పట్టికయే లాటిన్1 అయి, సర్వరు కఠిన నియమము సడలింపబడియున్నచో, ఆ ప్రశ్నార్థకములే భద్రపడును. అట్లు పోయిన ఆరోపములను ఏ ఉపాయమును తిరిగి తేజాలదు. మైఎస్‌క్యూఎల్ 2018 నాటి 8.0 నుండి యుటిఎఫ్8ఎంబి4ను సహజముగా స్వీకరించుచున్నను, పాత పట్టికలు పాతవిగనే యుండును.

పరీక్షించుటలోను మెలకువ వలయును. వ్రాసిన సెషనులోనే, ఖరారు చేయకమున్నే చదివినచో, అది తన స్మృతియందున్న వస్తువునే చూపవచ్చును. పట్టికలో నష్టము జరిగినను మాట చక్కగనే కన్పట్టును. కావున మాటను వ్రాసి ఖరారు చేసి, ఆ సెషనును మూసి, క్రొత్త సెషనుతో చదివి సరిచూడవలెను.