పాట ఉంది, పేరు లేదు!

ఈ రాత్రి ఎల్లంతకుంటలో ఒగ్గు కథ ఉందనుకోండి. డోలు మోగింది. తాళాలు కలిశాయి. కథకుడు మల్లన్న కథ ఎత్తుకున్నాడు. మీరు బడి నుంచి తెచ్చిన డిజిటల్ రికార్డరును ముందు పెట్టి, ఎర్ర మీట నొక్కారు. కథంతా చక్కగా రికార్డయింది. మీకు ఎంతో సంతోషం!

మూడేళ్ళు గడిచాయి. ఎవరో ఆ కార్డును తెరిచి చూశారు. అందులో 0001, 0002 అని రెండు ఫైళ్ళు ఉన్నాయి. రెండింటి మీదా 1980 జనవరి 1 అనే తేదీ ఉంది! ఎస్‌డి కార్డు అనేది పుట్టిందే 1999 లో కదా, మరి ఈ తేదీ ఎలా వచ్చింది? కథ చెప్పినవారెవరు? ఏ ఊళ్ళో చెప్పారు? గొంతు నిలిచింది గాని, దాని ఆనవాలు పోయింది. ఈ పొరపాటు రికార్డు చేసేటప్పుడు జరిగింది కాదు. ఎర్ర మీట నొక్కకముందే జరిగిపోయింది. ఎలాగో చూద్దాం.

యంత్రం నిద్ర లేచేటప్పుడు

రికార్డరుకు కరెంటు అందగానే అది వెంటనే పనిలోకి దిగదు. ముందు తన శాశ్వత జ్ఞాపకంలో ఉన్న ఆదేశాలను చదువుకుంటుంది. తరువాత, గతంలో వాడినవాళ్ళు చేసిపెట్టిన ఏర్పాట్లను గుర్తు చేసుకుంటుంది. వీటినే సెట్టింగులు అంటాం. చివరకు కార్డులో ఏమేమి ఉన్నాయో, ఎంత ఖాళీ ఉందో పరీక్షిస్తుంది. అప్పుడుగాని సిద్ధం కాదు. కార్డు పెద్దదై, ఫైళ్ళు ఎక్కువగా ఉంటే ఇంకొంచెం ఆలస్యమవుతుంది. అందుకే డోలు మోగిన తరువాత మీట వేస్తే కథ మొదలు దక్కకుండా పోతుంది.

యంత్రంలో ఒక గడియారం కూడా ఉంటుంది. బ్యాటరీ పూర్తిగా అయిపోయి చాలా రోజులు పడివుంటే అది తప్పిపోతుంది. అప్పుడు కొన్ని రికార్డర్లు తమ లెక్క మొదలయ్యే తేదీకి వెళ్ళిపోతాయి. ఆ తేదీ 1980 ఎందుకయింది? మెమరీ కార్డుల్లో ఎక్కువగా వాడే ఫ్యాట్ పద్ధతిలో ఒక తేదీకి 16 బిట్ల చోటు ఉంటుంది. రోజుకు 5, నెలకు 4, సంవత్సరానికి 7. ఏడు బిట్లతో 0 నుంచి 127 దాకా లెక్కపెట్టవచ్చు. ఆ సున్నాను 1980 గా నిర్ణయించారు. కనుక ఈ లెక్క 2107 దాకా సాగుతుంది.

కార్డుకూ ఒక పేరు

ఇప్పుడు అసలు ప్రమాదం చూడండి. చాలా రికార్డర్లు కొత్త కార్డు పెట్టగానే ఫైళ్ళను మళ్ళీ 0001 నుంచి లెక్కపెడతాయి. మీ దగ్గర రెండు కార్డులున్నాయి. రెండింటిలోనూ 0001 ఉంది. రెండింటినీ కంప్యూటరులో ఒకే చోటికి ఎక్కిస్తున్నారు. 'పాతదాని స్థానంలో కొత్తది పెట్టనా?' అని అది అడుగుతుంది. తొందరలో మీరు 'సరే' అన్నారా, మొదటి రాత్రి కథ పోయినట్టే!

అందుకే కార్డుకు పేరు పెట్టాలి. దానికి 11 అక్షరాలకు మించి చోటు లేదు. చాలా రికార్డర్లలో ఇంగ్లీషు అక్షరాలు, అంకెలు మాత్రమే కుదురుతాయి. ఊరి పేరులోంచి 3 అక్షరాలు, సంవత్సరానికి 4 అంకెలు, కార్డు వరుసకు 2 అంకెలు తీసుకోండి. మొత్తం 9. సరిపోయింది కదూ!

ఫైలు పేరులో తేదీని సంవత్సరం, నెల, రోజు అనే వరుసలో రాయండి. ఎందుకంటే కంప్యూటరు పేర్లను ఎడమ నుంచి చూసి వరుస పెడుతుంది. 2023 జనవరి 6ను 06012023 అనీ, 2024 నవంబరు 5ను 05112024 అనీ రాస్తే రెండోదే ముందు వస్తుంది. 20230106, 20241105 అని రాస్తే వరుస తప్పదు.

ఒక హెచ్చరిక! కొన్ని యంత్రాలలో కార్డును ఫార్మాట్ చేసేటప్పుడే దానికి పేరు పెట్టాలి. ఫార్మాట్ చేస్తే పాత ఫైళ్ళ పట్టిక చెరిగిపోతుంది. కనుక ముందుగా వాటిని వేరేచోట దాచుకోవాలి.

గౌహర్ జాన్ చెప్పిన పాఠం

ఈ చిక్కు కొత్తది కాదు. 1902 లో గ్రామఫోను కంపెనీ తరఫున ఫ్రెడ్ గైస్‌బర్గ్ కలకత్తాకు వచ్చి, గౌహర్ జాన్ పాటలు రికార్డు చేశాడు. పాట ముగియగానే ఆమె తన పేరును ఇంగ్లీషులో గట్టిగా చెప్పేది. ఆ రికార్డులను అచ్చువేసింది జర్మనీలోని హానోవరులో. అక్కడి పనివారికి మన భాషలు తెలియవు. ఆమె చెప్పిన పేరు విని, సరైన చీటీ అంటించేవారు. పేరు పాటతోనే ప్రయాణం చేసిందన్నమాట!

మీరు చేయవలసినవి

1. కథకు అరగంట ముందే యంత్రానికి మీట వేసి, తేదీ, సమయం సరిచేయండి.

2. పాత సెట్టింగులు చూడండి. సెకనుకు 44,100 నమూనాలు, ఒక్కొక్కటి 16 బిట్లు, రెండు మైకులు అయితే సెకనుకు 1,76,400 బైట్లు పడతాయి. గంటకు సుమారు 635 మెగాబైట్లు. ఈ లెక్కన 32 గిగాబైట్ల కార్డులో సుమారు 50 గంటలు పడుతుంది. రాత్రంతా సాగే కథకు ఇది చాలు.

3. కార్డుకు పేరు పెట్టి, అదే పేరును కార్డు డబ్బా మీద కూడా రాయండి.

4. కథకుని అనుమతి తీసుకోండి. ఎర్ర మీట నొక్కగానే తేదీ, ఊరు, కథ పేరు, కథకుని పేరు మీ నోటితో చెప్పండి. ఫైలు పేరు ఎవరైనా మార్చినా, గొంతుతో చెప్పినది అందులోనే ఉంటుంది.

కథ దాకా ఎందుకు? ఈ ఆదివారమే మీ అమ్మమ్మ చెప్పే పొడుపు కథతో మొదలుపెట్టి చూడండి. మరో ముప్పై ఏళ్ళకు ఆ ఫైలు తెరిచినవారు 'ఇది ఎవరి గొంతు?' అని అడగవలసిన అవసరం ఉండదు.