పొలంలో డిజైన్ థింకింగ్: ఎక్కడ పనికొస్తుంది, ఎక్కడ ఆగిపోతుంది?

వీడియోలో చెప్పిన పద్ధతిని ఇక్కడ మెట్లవారీగా రాస్తున్నాం.

డిజైన్ థింకింగ్ కంపెనీల వ్యవహారం అనుకోకండి. అమెరికాలోని స్టాన్‌ఫర్డ్ యూనివర్సిటీలో దీన్ని ఐదు మెట్లుగా నేర్పుతారు. కూరగాయల మడిలో కలుపు సమస్యనే తీసుకుందాం.

1. అడగండి: కలుపు తీసే ఆడవాళ్లనే అడగాలి. ఏ కలుపు ఎక్కువ? ఏ రోజుల్లో కూలీలు దొరకరు?

2. సమస్య తేల్చండి: "కలుపు ఎలా తీయాలి" అని కాదు, "నేల ఖాళీగా ఎందుకుంది" అని అడగండి. ఎండ తగిలే ఖాళీ నేలలోనే కలుపు ఎక్కువ మొలుస్తుంది.

3. ఉపాయాలు రాసుకోండి: వరిగడ్డి ఆచ్ఛాదన, ఎండుటాకులు, అలసంద అంతరపంట. గడ్డి పశువుల మేతకే చాలకపోతే మొదటిది వదిలేయండి.

4. చిన్నగా చేయండి: 5 సెంట్లు చాలు. సగం కప్పండి, సగం అలాగే ఉంచండి. ఎకరాకు 200 లీటర్ల జీవామృతం లెక్కన 5 సెంట్లకు 10 లీటర్లు. రెండు సగాలకీ సమానంగా ఇవ్వాలి.

5. చూసి రాయండి: కలుపుకి పట్టిన గంటలు, తడికీ తడికీ మధ్య రోజులు, చెదలు పట్టాయా లేదా.

ఎందుకు పనిచేస్తుంది?

తప్పు 5 సెంట్లలోనే బయటపడుతుంది, ఎకరం పంట పోదు. ఉదాహరణకి తుంగ గడ్డిని పొడుచుకుని పైకి వస్తుంది. తుంగ పొలానికి ఆచ్ఛాదన ఒక్కటే సరిపోదని ముందే తెలిసిపోతుంది.

హద్దులు ఎక్కడ?

ఫలితం త్వరగా కనిపించే పనులకే ఈ పద్ధతి బాగా సరిపోతుంది. మామిడి మొక్కల దూరం తప్పైతే ఏళ్ల తర్వాత గానీ తెలియదు. అక్కడ నమూనా కన్నా పాత తోటలు చూడటం, పెద్దలను అడగడం మేలు. ఒక్క సీజన్ ఫలితాన్నీ నమ్మేయకండి, వానాకాలం వేరు, ఎండాకాలం వేరు.

ఇంకొకటి, గట్టు దాటిన సమస్యలు. వచ్చే ఏడాది భూమి చేతిలో ఉంటుందో లేదో తెలియని కౌలురైతుకి ఐదంచెల తోట ఎంత బాగా గీసిచ్చినా ఏం లాభం? అక్కడ కావాల్సింది కౌలు భరోసా. ధర పడిపోతే కావాల్సింది నలుగురు కలిసి అమ్ముకునే సంఘం. ఇవి డిజైన్‌తో తీరవు. తీరుతాయని చెప్పి రైతు మీదే తప్పు వేయడం అన్యాయం.

వచ్చే పంటకి ఒక 5 సెంట్లు, ఒక నోటుపుస్తకం పక్కన పెట్టుకోండి.