ఎన్ని మాత్రలు మింగారు?

చోడవరం ఒకప్పుడు విశాఖపట్నం జిల్లాలో ఉండేది. 2022 నుంచి అనకాపల్లి జిల్లాలో ఉంది. ఆ చుట్టుపక్కల చెరకు పండుతుంది, బెల్లం వండుతారు. బెల్లం తింటే రక్తం పడుతుందని పెద్దలు అంటారు. బెల్లంలో ఇనుము కొంత ఉన్న మాట నిజమే. కాని కడుపుతో ఉన్న మనిషికి అది చాలదు. అందుకే నర్సమ్మ ఇనుము మాత్రలు ఇస్తుంది. నాలుగో నెల నుంచి రోజుకి ఒకటి చొప్పున 180 రోజులు వేసుకోవాలి. కాన్పు అయ్యాక మరో 180 రోజులు.

నెల తిరిగాక నర్సమ్మ మళ్ళీ వస్తుంది.

"ఏమ్మా, మాత్రలు వేసుకుంటున్నావా?"

"రోజూ వేసుకుంటున్నానమ్మా" అంటుంది కోడలు.

మాత్రలేమో బియ్యం డబ్బా వెనకాల ఉన్నాయి!

ఎందుకలా చెప్పింది? పక్కన అత్త ఉంది. లేదంటే నర్సమ్మ కోప్పడుతుందని భయం. మాత్ర వేసుకుంటే కడుపులో తిప్పుతోంది. ఆ మాట ఎవరూ అడగలేదు. ఇంకొందరికి నిజంగానే గుర్తుండదు. 2019-21లో జరిగిన జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో, అంతకుముందు ఐదేళ్ళలో కాన్పు అయిన తల్లులను "మాత్రలు ఎన్ని రోజులు వేసుకున్నారు?" అని అడిగారు. మూడేళ్ళ కిందటి మాత్రల లెక్క ఎవరికి గుర్తుంటుంది?

తల్లి చెప్పిన అంకె దేశం లెక్కలో చేరుతుంది. మింగని మాత్రలు మింగినట్టు చేరితే, మాత్రలే పనిచేయలేదేమో అనిపిస్తుంది. కడుపులో తిప్పే సంగతి బయటికే రాదు. ఆస్పత్రిలోనూ అంతే. గర్భిణికి రక్తం 11 గ్రాములకు తగ్గకూడదు. మాత్రలు మింగుతున్నా తగ్గిందంటే, డాక్టరు లేని జబ్బు కోసం వెతకాల్సి వస్తుంది.

పరిశోధన చేసేవారికి ఈ చిక్కు తెలుసు. అందుకే మిగిలిన మాత్రలు కూడా లెక్కపెడతారు. 30 ఇస్తే 12 మిగిలాయి. అంటే 18 అయిపోయాయి. కాని ఆ 18 కడుపులోకే వెళ్ళాయా, పెంటకుప్ప మీదికి వెళ్ళాయా? విరోచనం నల్లగా అవుతోందా అని కూడా అడుగుతారు. ఇనుము మింగితే అలా అవుతుంది, భయపడక్కర్లేదు. రక్తం పరీక్ష ఒక్కటే చూసినా చాలదు. కడుపులో కొంకిపురుగులు ఉన్నా, మలేరియా వచ్చినా రక్తం తగ్గుతుంది.

చదువు వచ్చిన ఇంట్లో ఇంకో దారి ఉంది. గోడ మీది క్యాలెండరు. మాత్ర మింగిన రోజున గీత, మింగని రోజున సున్నా. సున్నా పక్కన ఒక్క మాట రాయాలి: "వాంతి", "మరిచాను", "ఊరెళ్ళాను". "వాంతి" అని నాలుగుచోట్ల కనిపిస్తే నర్సమ్మకు విషయం తెలుస్తుంది. రాత్రి అన్నం తిన్నాక వేసుకోమంటుంది. టీతో మాత్రం వద్దంటుంది, టీ తాగితే ఇనుము ఒంటికి సరిగా పట్టదు.