ఎవరూ పంపని కబురు

రొమ్ము గడ్డ బయాప్సీ రిపోర్టులో కొందరికి 'హెర్2 పాజిటివ్, 3+' అని ఒక వరుస ఉంటుంది. ఇంటివాళ్లు దాన్ని దాటేసి "ఎన్నో స్టేజీ?" అని అడుగుతారు. గడ్డ అంత వేగంగా ఎందుకు పెరిగింది, మందు దాన్ని ఎక్కడ పట్టుకుంటుంది అన్న రెండు ప్రశ్నలకూ జవాబు ఆ వరుసలోనే ఉంది.

మొదలు మామూలు కణంతో పెట్టుకుందాం. రొమ్ము కణం చీలాలంటే బయటి నుంచి కబురు రావాలి. దాన్ని మోసుకొచ్చేవి పెరుగుదల కారకాలనే చిన్న ప్రొటీన్లు, అందుకునేవి కణం పొరలో పాతుకున్న రిసెప్టర్లు. రిసెప్టరుకు ఒక కొస పొర బయట, ఇంకో కొస కణం లోపల ఉంటుంది. కారకం వచ్చి అంటుకోగానే అది ఆకారం మార్చుకుని పక్క రిసెప్టరుతో జత కడుతుంది. అప్పుడు లోపలి కొసలకు ఫాస్ఫేట్లు తగులుతాయి. కబురు లోపలికి అందినట్టే. పని అయ్యాక కణం ఆ జంటను లోపలికి లాక్కుని చాలావరకు అరిగించేస్తుంది.

 

హెర్2 ఈ రిసెప్టర్ల కుటుంబంలోదే, కానీ తీరు వేరు. దానికి అంటుకునే కారకమేదీ ఇంతవరకూ దొరకలేదు. ఎప్పుడూ చేయి చాచి జత కోసం సిద్ధంగానే ఉంటుంది. మామూలు కణం మీద ఇవి సుమారు 20 వేలే కాబట్టి ఇబ్బంది లేదు. 17వ క్రోమోజోమ్ మీదున్న దాని జన్యువుకు రెండే ప్రతులుండాలి. ఏదో ఒక కణంలో అవి పదులకు పెరిగిపోతే పొర మీద హెర్2 20 లక్షల దాకా చేరుతుంది. అంత కిక్కిరిశాక కబురు రాకుండానే జతలు కట్టేస్తాయి. రొమ్ము క్యాన్సర్లలో 15 నుంచి 20 శాతం ఈ రకానివి.

"నా వల్ల నా కూతురికీ వస్తుందా?" అని కుమిలిపోయే తల్లులకు ఇది గట్టిగా చెప్పాలి. ఈ మార్పు పుట్టుకతో వచ్చింది కాదు, గడ్డ కణాల్లోనే జరిగింది. హెర్2 పాజిటివ్ అన్నంత మాత్రాన అది బిడ్డకు సంక్రమించదు.

పరీక్ష చేసే స్లైడును మైక్రోస్కోపులో చూస్తే విషయం కళ్లకు కడుతుంది. హెర్2కు అంటుకునే యాంటీబాడీ ఉన్నచోట గోధుమ రంగు పడుతుంది. 3+ ముక్కలో ఒక్కో కణం చుట్టూ చిక్కటి గోధుమ గీత పూర్తిగా గిరిగీసినట్టుంటుంది. అన్నీ కలిస్తే తేనెపట్టు గదుల్లా కనిపిస్తాయి. 2+ వస్తే తేల్చుకోవడానికి జన్యువు ప్రతులను లెక్కపెట్టే ఫిష్ పరీక్ష చేయిస్తారు.

ఇక లోపలికి. హెర్2 ఎక్కువగా హెర్3తో జతకడుతుంది. హెర్3కి సొంతంగా ఫాస్ఫేట్ తగిలించే శక్తి బాగా తక్కువ. కానీ దాని లోపలి కొసన పీఐ3కే అనే ఎంజైము కూర్చునే చోట్లు ఆరున్నాయి. పీఐ3కే పొరలోని ఒక కొవ్వు పదార్థానికి ఫాస్ఫేట్ తగిలిస్తుంది. దాన్ని పట్టుకుని ఏకేటీ అనే ప్రొటీన్ చురుకవుతుంది. చావాల్సిన కణాన్ని చావనివ్వదు, ఎమ్‌టార్ ద్వారా కొత్త ప్రొటీన్ల తయారీని పెంచుతుంది. ఇంకో దారిలో రాస్, రాఫ్, మెక్, ఎర్క్ అనే ప్రొటీన్లు వరుసగా ఒకదాన్నొకటి తట్టి లేపుతాయి. ఎర్క్ కేంద్రకంలోకి వెళ్లాక సైక్లిన్ డీ1 పెరిగి, కణం చీలడానికి దిగుతుంది.

హెర్2 ప్రతులు పెరిగినవాళ్లకు జబ్బు త్వరగా తిరగబెడుతోందని డెనిస్ స్లామన్ బృందం 1987లో చూపింది. 1998లో అమెరికా అనుమతి పొందిన ట్రాస్టుజుమాబ్ అనే యాంటీబాడీ మందు హెర్2 బయటి కొసను పట్టుకుంటుంది. పెర్టుజుమాబ్ అనే ఇంకో మందు జత కోసం చాచిన చేతినే కప్పేస్తుంది.

అయినా కొన్ని గడ్డలు లొంగవు. పీఐ3కే జన్యువు చెడినప్పుడు గానీ, ఆ కొవ్వు నుంచి ఫాస్ఫేట్‌ను తీసేసే పీటెన్ అనే ప్రొటీన్ లేనప్పుడు గానీ, రిసెప్టరును కట్టేసినా కింద పని సాగుతూనే ఉంటుంది. ట్రాస్టుజుమాబ్ డెరుక్స్‌టెకాన్ వేరే పద్ధతిలో వెళ్తుంది. యాంటీబాడీకి కీమో మందు కట్టి పంపుతారు. అది హెర్2ను పట్టుకుంటుంది, కణం దాన్ని లోపలికి మింగుతుంది, లోపల మందు విడిపోయి డీఎన్ఏను దెబ్బతీస్తుంది.