పురుగుల్ని తినే మొక్క: పువ్వు తుంచవచ్చునా?

 

మన హాస్టల్ వెనక నీళ్ల ట్యాంకు పక్కన మూడు ప్లాస్టిక్ డబ్బాలు పెట్టి ఉన్నాను గదా. "ఏందిమే, పాచిని పెంచుతా ఉండావు?" అని చాలామంది అడిగినారు. అది పాచి కాదు. దాని పేరు డ్రోసిరా. అది పురుగుల్ని పట్టి తింటుంది. దాన్ని ఎట్లా పెంచాలో, పువ్వు వచ్చినప్పుడు ఏమి చేయాలో, విత్తనాలు ఎట్లా తీయాలో ఈ వ్యాసంలో రాస్తున్నాను. నేను చేసిన తప్పులు కూడా దాచకుండా రాస్తున్నాను.

మొక్క ఎట్లా ఉంటుంది

మనం సైన్సు పాఠంలో కూజా మొక్కను చదివినాము. అది మన దేశంలో మేఘాలయ కొండల్లో ఉంటుంది. మనం దాన్ని బొమ్మలోనే చూసినాము. డ్రోసిరా మాత్రం మన రాష్ట్రంలోనే ఉంది. మన దేశంలో దొరికే డ్రోసిరాలు మూడు రకాలు: బర్మన్నై, ఇండికా, పెల్టేటా. నేను పెంచింది బర్మన్నై. ఇది రూపాయి బిళ్లంత ఉంటుంది. ఆకులు చిన్న గరిటెల మాదిరి నేలకు అతుక్కొని చక్రంలా పరుచుకుంటాయి. బాగా ఎండ తగిలితే ఎర్రగా అవుతాయి.

ఆకు మీద సన్నని వెంట్రుకల వంటివి ఉంటాయి. ఒక్కొక్క దాని కొనన జిగురు చుక్క ఉంటుంది. పొద్దున చూస్తే మంచు పడినట్లే ఉంటుంది, కానీ ఎండ వచ్చినా ఆ చుక్క ఆరిపోదు. చీమో చిన్న దోమో వాలితే అతుక్కుంటుంది. అంచున ఉండే పొడవాటి వెంట్రుకలు కొన్ని సెకన్లలోనే లోపలికి వంగి పురుగును ఆకు మధ్యకు తోస్తాయి. తర్వాత ఆకు రసం ఊరి పురుగును జీర్ణం చేస్తుంది.

ఎందుకు తింటుంది? ఇది కూడా పచ్చని మొక్కల మాదిరే ఎండతో తన ఆహారం తాను చేసుకుంటుంది. కానీ అది పెరిగే ఇసుక ఊట నేలలో నత్రజని చాలా తక్కువ. ఆ కొరతను పురుగులతో తీర్చుకుంటుంది.

నేను చేసిన మొదటి తప్పు

ఎనిమిదో తరగతిలో ఉన్నప్పుడు, కార్తీక మాసంలో ఊరికి పోయినాను. మా ఊరి చెరువు కట్ట కింద ఊట నేలలో ఈ మొక్కలు ఉంటాయి. సైన్సు ఎగ్జిబిషన్‌లో పెట్టాలని ఒకటి పెరుక్కొని వచ్చినాను. అప్పటికి దానికి పూ కాడ కూడా లేచి ఉన్నది. మొగిలి ఘాటు పైన మన పలమనేరు చల్లగా ఉంటుంది గనుక బతుకుతుంది అనుకున్నాను. తోట మట్టిలో నాటి, రోజూ బోరు నీళ్లు పోసినాను. వారానికి చుక్కలు పోయినాయి. రెండో వారానికి మొక్క నల్లబడి చచ్చిపోయింది.

సంక్రాంతికి పోయి మా అవ్వకు చెప్పినాను. మేము యానాదులము. మా అవ్వ బడికి పోలేదు, కానీ అడవిలో ఏది ఎప్పుడు కాస్తుందో అన్నీ చెప్తుంది. ఆమె నన్ను తిట్టలేదు. "కాయ రాలక ముందే పెరికితివా? గడ్డ తవ్వుకున్నా తీగ తల మళ్లా పాతిపెట్టి వస్తాము గదా మనం" అనింది. నాకు చాలా సిగ్గేసింది. తర్వాత కట్ట కిందికి పిలుచుకొని పోయి, ఎండిన కాడలు ఎక్కడున్నాయో చూపించింది. ఐదు కాడలు మాత్రమే కోసుకొని, మిగిలినవి అట్లే వదిలినాము.

పెంచే పద్ధతి

1. నీళ్లు: వాన నీళ్లే పోయాలి. మన బోరు నీళ్లు కాగబెడితే గిన్నెకు తెల్లగా పొర కడుతుంది గదా, ఆ ఉప్పు ఈ మొక్కకు విషం. నేను వాన పడినప్పుడు రేకుల కింద బిందె పెట్టి, నీళ్లు పట్టి, మూత వేసి దాచినాను.

2. మట్టి: కడిగిన ఇసుక ఒక వంతు, బాగా నానబెట్టి నాలుగైదు సార్లు పిండిన కొబ్బరి పొట్టు ఒక వంతు. చివరిసారి వాన నీళ్లతో కడగాలి. పేడ, ఎరువు, యూరియా ఏదీ వేయకూడదు. వేస్తే వేర్లు మాడిపోతాయి.

3. కుండీ: మన పలమనేరు మట్టి కుండలు, మట్టి బొమ్మలు పేరు పొందినవి. కానీ మట్టి కుండ ఉప్పును పీల్చి పెట్టుకుంటుంది. అందుకని కింద బొక్కలు పెట్టిన ప్లాస్టిక్ డబ్బా మేలు. డబ్బాను వెడల్పు గిన్నెలో పెట్టి, గిన్నెలో ఎప్పుడూ వేలు మందం నీళ్లు ఉంచాలి.

4. విత్తడం: విత్తనం దుమ్ము మాదిరి ఉంటుంది. మట్టి పైన చల్లాలి, మట్టి కప్పకూడదు. వెలుతురు తగిలితేనే మొలుస్తుంది. నేను జూలైలో చల్లినాను. మూడు వారాలకు గుండుసూది తలంత పచ్చ చుక్కలు కనపడినాయి.

5. ఎండ: పొద్దున ఎండ బాగా తగలాలి. నీడలో పెడితే ఆకులు పచ్చగా సాగిపోతాయి, జిగురు తగ్గిపోతుంది.

6. తిండి: బయట పెడితే అదే పట్టుకుంటుంది. చెల్లెళ్లు కొందరు ప్రేమతో అన్నం మెతుకులు పెట్టినారు. దయచేసి పెట్టవద్దు. ఆకు బూజు పట్టి కుళ్లిపోతుంది.

పువ్వు వచ్చినప్పుడు

అక్టోబరు చివరలో మొక్కల మధ్య నుంచి సన్నని కాడలు లేచినాయి. కాడ జానెడు దాకా పెరుగుతుంది. దాని మీద ఐదు రేకుల తెల్లని పువ్వులు. రోజుకు ఒకటో రెండో పొద్దున ఎండకు విచ్చుకొని, మధ్యాహ్నానికే ముడుచుకుంటాయి. తేనెటీగ రాకపోయినా ఈ పువ్వు తనలో తానే పరాగ సంపర్కం చేసుకుంటుంది. అందుకని ఒక్క మొక్క ఉన్నా విత్తనం పడుతుంది.

అప్పుడు ఒక అక్క చెప్పింది, "తులసి వెన్నులు గిల్లితే గుబురుగా పెరుగుతుంది గదా, దీని కాడ కూడా తుంచేయి, మొక్క చాలా రోజులు ఉంటుంది" అని. అది నిజమా అబద్ధమా తెలుసుకోవాలని మూడు డబ్బాలను మూడు విధాలుగా పెంచినాను.

మొదటి డబ్బా: ఏమీ చేయకుండా వదిలినాను. పురుగులు బాగా పట్టినాయి. ఒక్కో మొక్కకు రెండు మూడు కాడలు, కాడ నిండా కాయలు.

రెండో డబ్బా: ఆగస్టు నుంచి చినిగిన దోమతెర ముక్క కప్పి పురుగులు రాకుండా చేసినాను. మొక్కలు చావలేదు, కానీ చిన్నగా ఉన్నాయి. ఒక్కటే బక్క కాడ, రెండు మూడు కాయలు. ఒక మొక్క అసలు పూయలేదు.

మూడో డబ్బా: కాడ లేచినప్పుడల్లా తుంచినాను. ఆకులు ఇంకో నెల రోజులు బాగున్నాయి. తర్వాత అవి కూడా ఎండిపోయినాయి. ఒక్క విత్తనం లేదు.

డబ్బాలు మూడే గనుక ఇది గట్టి రుజువు కాదని సైన్సు మేడం చెప్పింది. కానీ ఇట్లాంటి పరీక్షను ఇంగ్లండులో ఎప్పుడో చేసినారని కూడా చెప్పింది. చార్లెస్ డార్విన్ 1875లో పురుగుల్ని తినే మొక్కల మీద ఒక పెద్ద పుస్తకం రాసినాడు. ఆయన గుండ్రటి ఆకుల డ్రోసిరా మీద పాలు, గుడ్డు తెల్లసొన, మాంసం నీళ్లు పెడితే వెంట్రుకలు వంగినాయి. చక్కెర, గంజి, నూనె పెడితే వంగలేదు. అంటే ఆయన పెట్టిన ఈ పదార్థాల్లో నత్రజని ఉన్నవాటికే ఆకు కదిలింది. మన అన్నం మెతుకు దానికి ఎందుకు పనికిరాదో ఇప్పుడు తెలిసింది గదా!

తర్వాత ఆయన కొడుకు ఫ్రాన్సిస్ డార్విన్ 1878లో మొక్కలకు పురుగులు రాకుండా సన్నని గుడ్డ కప్పి, సగం మొక్కలకు కాల్చిన మాంసం చిన్న ముక్కలు పెట్టినాడు, సగానికి పెట్టలేదు. తిన్న మొక్కలు తినని వాటి కంటే రెండు రెట్లకు పైగా విత్తనాలు ఇచ్చినాయి. దీన్ని బట్టి ఈ మొక్క తిన్న తిండిలో ఎక్కువ లాభం విత్తనానికే పోతుందని తెలుస్తుంది.

కాబట్టి పువ్వు తుంచవచ్చునా? ఏండ్ల తరబడి బతికే డ్రోసిరాలు కూడా ఉన్నాయి. వాటి కాడ తుంచితే నష్టం లేదు. మన బర్మన్నై సాధారణంగా ఒక్క సంవత్సరమే బతుకుతుంది. ఎండాకాలంలో ఊట ఆరిపోతే అది ఎండిపోతుంది, విత్తనమే మిగులుతుంది. దాని పువ్వు తుంచితే మనకు దక్కేది ఒక్క నెల, పోయేది మళ్లా ఏటి మొక్కలన్నీ.

విత్తనాలు తీయడం

కాయలు కింద నుంచి పైకి వరుసగా పండుతాయి. కాయ గోధుమ రంగుకు వచ్చి కొన విచ్చుకుంటే పండినట్లు. వాన పడితే చినుకు దెబ్బకే విత్తనాలు చెదిరిపోతాయి, కాబట్టి ఎండిన రోజే కాడ కోయాలి. తెల్ల కాగితం మీద తలకిందులుగా పెట్టి వేలితో తట్టితే నల్లని దుమ్ము రాలుతుంది. ఆ సమయంలో ఫ్యాను వేయకూడదు, తుమ్మకూడదు! రెండు రోజులు నీడలో ఆరబెట్టి కాగితం పొట్లం కట్టాలి. ప్లాస్టిక్ కవరులో వేస్తే చెమ్మకు బూజు పడుతుంది. పొట్లం మీద ఊరి పేరు, నెల, సంవత్సరం రాయాలి.

ఈ సంక్రాంతికి చూసినది

ఈసారి పండక్కి పోయినప్పుడు మా అవ్వకు చూపిద్దామని ఒక పొట్లం తీసుకొని పోయినాను. కట్ట కింద ఊట నేల లేదు. జేసీబీతో చదును చేసి, ప్లాస్టిక్ షీటు పరిచి, టమోటా నాటి ఉన్నారు. అవ్వ చాలాసేపు నిలబడి చూసింది. "వాళ్ల నేల, వాళ్లు పంట పెట్టుకున్నారు. ఎవరిని ఏమంటాము" అనింది. తర్వాత నా చేతిలో పొట్లం తీసుకొని, విప్పి చూసి, "ఇంతేనా మిగిలింది" అని అడిగింది. నేను "ఇంతే అవ్వా" అన్నాను. ఆమె మళ్లా జాగ్రత్తగా మడిచి నా చేతికే ఇచ్చింది.

మొదటి ఏడు నేను పెరికిన మొక్క కూడా అక్కడిదే. ఆ ఐదు కాడలు కోసుకొని రాకపోతే ఈ రోజు ఏమీ ఉండేది కాదు.

ముగింపు

నా దగ్గర ఆరు పొట్లాలు ఉన్నాయి. ఒకటి వార్డెన్ మేడం గారు తమ బీరువాలో దాచవలసిందిగా వినయంగా కోరుతున్నాను. మిగిలిన ఐదు పొట్లాలు ఐదుగురికి ఇస్తాను. వేసవి సెలవుల్లో ఎండ తగలని చోట పెట్టి, జూన్‌లో తిరిగి తేవాలి. వానలు పడగానే అందరం కలిసి చల్లుదాము. బాగా కాస్తే మా ఊరి దగ్గర ఇంకొక ఊట తావు వెతికి అక్కడ కొన్ని చల్లుతాము. తావు మా అవ్వ చూపిస్తానని చెప్పింది.

ఒక్క షరతు. పోయిన జూన్‌లో మా గదిలో ఇద్దరు సెలవులకు పోయి తిరిగి రాలేదు. వాళ్ల పెట్టెలు పెట్టే చోటు ఇప్పటికీ ఖాళీగానే ఉంది. కాబట్టి పొట్లం తీసుకున్నవాళ్లు దాన్ని ఎవరి చేతికో ఇచ్చి పంపకూడదు. తామే తీసుకొని రావాలి.

కావలసినవాళ్లు ఆదివారం లోపల నాకు పేరు చెప్పండి.

ఇట్లు,
మీ తొమ్మిదో తరగతి స్నేహితురాలు