తామరకు దగ్గరి చుట్టం కలువ కాదు

ప్రశ్న: తామర, కలువ ఒకే కుటుంబానికి చెందినవేనా?

జవాబు: కావండీ. రెండూ నీటిలో పెరుగుతాయి కాబట్టి ఒకప్పుడు వృక్షశాస్త్రజ్ఞులూ ఒకే కుటుంబంలో చేర్చారు. అయితే డీఎన్‌ఏలో తరతరాలుగా చిన్న చిన్న మార్పులు పేరుకుంటాయి. ఒకే రకమైన మార్పులు ఎన్నో పంచుకున్న మొక్కలు ఉమ్మడి పూర్వికుల నుంచి వచ్చాయని లెక్క. హరితరేణువుల్లోని ఆర్‌బీసీఎల్ జన్యువును సుమారు 500 జాతుల్లో పోల్చిన 1993 నాటి అధ్యయనంలో తామర వెళ్లి చెట్ల సరసన చేరింది. కశ్మీరు చినార్, మన అరకు కాఫీ తోటలకు నీడనిచ్చే సిల్వర్ ఓక్ దాని దగ్గరి బంధువులు! కలువ వంశమేమో పూలమొక్కల్లో అన్నిటికన్నా ముందుగా విడిపోయిన శాఖల్లో ఒకటి. ఒకేచోట బతికితే రూపాలు కలవొచ్చు. చుట్టరికాన్ని తేల్చేది జన్యువులే. చెరువు దగ్గర గమనించండి: కలువ ఆకుకు అంచు నుంచి కాడ దాకా చీలిక ఉంటుంది, తామరాకుకు ఉండదు.