బీఫార్మసీ తొలి ఏడాది: అనాటమీ-ఫిజియాలజీ ల్యాబ్‌ను తేలిగ్గా తీసుకోవద్దు

ఈఏపీసెట్ కౌన్సెలింగ్‌లో సీటు ఖాయమైనప్పుడు బీఫార్మసీ విద్యార్థి ఊహించుకునే ల్యాబ్‌లో టెస్ట్‌ట్యూబులు, మాత్రలు, రంగు ద్రావణాలు ఉంటాయి. తీరా కాలేజీకి వెళ్తే మొదటి సెమిస్టర్‌లోనే చేతిలో తొడ ఎముక పెట్టి ‘ఇది కుడిదా, ఎడమదా?’ అంటారు. మరికొన్నాళ్లకు లాన్సెట్ ఇచ్చి ఎవరి వేలు వాళ్లనే పొడుచుకోమంటారు. ఇంటర్‌లో బైపీసీ చదివినవాళ్లకు ఇది కొంత తెలిసిన వ్యవహారమే. ఎంపీసీ నుంచి వచ్చినవాళ్లకు మాత్రం ‘చేరింది ఫార్మసీలోనా, మెడిసిన్‌లోనా?’ అన్న అనుమానం వస్తుంది. ఆ అనుమానంతోనే చాలామంది దీన్ని ఎలాగోలా గట్టెక్కాల్సిన పేపర్ల లెక్కలో వేసేస్తారు. నన్నడిగితే నాలుగేళ్ల కోర్సులో ఉద్యోగానికి బాగా దగ్గరగా ఉండే గదుల్లో ఇదొకటి. అక్కడ చెప్పే పాఠం వల్ల కంటే, అక్కడ పెట్టే నిబంధనల వల్ల.

ముందు మార్కుల సంగతి చూద్దాం. ఫార్మసీ కౌన్సిల్ ఆఫ్ ఇండియా (పీసీఐ) సెమిస్టర్ సిలబస్‌లో హ్యూమన్ అనాటమీ అండ్ ఫిజియాలజీ రెండు భాగాలు. ఒకటి మొదటి సెమిస్టర్‌లో, రెండోది రెండో సెమిస్టర్‌లో. రెండింటికీ వారానికి నాలుగు గంటల ప్రాక్టికల్ ఉంటుంది. దానికి 50 మార్కులు. సెమిస్టర్ చివరి పరీక్షకు 35, ఇంటర్నల్‌కు 15. ఆ 15లో సెషనల్ పరీక్షవి 10 పోగా మిగిలిన 5 రోజువారీ పనికి ఇస్తారు: హాజరుకు 2, రికార్డు, వైవా వంటివాటికి 3. హాజరు 95 శాతం, ఆపైన ఉంటే రెండుకు రెండు. 90 దాటితే ఒకటిన్నర, 85 దాటితే ఒకటి, 80 దాటితే అర మార్కు. 80 లోపు పడితే మార్కు మాట అటుంచి, పరీక్షకు అర్హతే ఉండదు. పైగా థియరీ హాజరు వేరు, ప్రాక్టికల్ హాజరు వేరు. సెమిస్టర్‌లో పదిహేను ల్యాబ్‌లు జరిగాయనుకోండి. మూడు మానేస్తే సరిగ్గా 80 శాతం దగ్గర నిలుస్తారు. నాలుగోది మానేస్తే 73కి పడిపోతారు. పెళ్లిళ్ల సీజన్‌లో రెండు, జ్వరమొచ్చి రెండు, అంతే సంగతులు.

అటానమస్ కాలేజీల్లో, కొన్ని యూనివర్సిటీల్లో ఈ వివరాలు కాస్త మారవచ్చు. రెగ్యులేషన్స్ కాపీ యూనివర్సిటీ వెబ్‌సైట్‌లోనే ఉంటుంది. హాస్టల్‌లో సీనియర్ చెప్పినదాని మీద కాకుండా దాని మీద ఆధారపడండి.

వేలి మీద పొడుచుకునే రోజు

మొదటి సెమిస్టర్ ప్రాక్టికల్స్‌లో సగం దాకా రక్తం చుట్టూనే తిరుగుతాయి: తెల్ల, ఎర్ర కణాల లెక్క, హిమోగ్లోబిన్, బ్లీడింగ్ టైమ్, క్లాటింగ్ టైమ్, బ్లడ్ గ్రూప్, ఈఎస్ఆర్. నిబంధనలు కఠినంగా ఉండేదీ ఇక్కడే, ఉండాల్సిందీ ఇక్కడే. ఎవరి రక్తం వాళ్లదే. ఒక లాన్సెట్ ఒకరికే, ఒక్కసారికే. వాడిన లాన్సెట్‌కు మళ్లీ మూత పెట్టకూడదు, బల్ల మీద వదలకూడదు. 2016 బయోమెడికల్ వేస్ట్ నిబంధనల ప్రకారం సూదులు, లాన్సెట్లు గుచ్చినా చిల్లు పడని తెల్ల డబ్బాలోకి వెళ్లాలి. రక్తం అంటిన దూది పసుపు సంచిలోకి, ప్లాస్టిక్ ఎరుపులోకి, గాజు నీలం డబ్బాలోకి. రేపు ఆస్పత్రి ఫార్మసీలో, డయాగ్నస్టిక్ ల్యాబ్‌లో, క్లినికల్ ట్రయల్ సైట్‌లో మీకు కనిపించేవీ ఇవే రంగులు.

రక్తాన్ని పిపెట్‌లోకి రబ్బరు గొట్టంతో నోటితో పీల్చే అలవాటు ఇంకా కొన్నిచోట్ల ఉంది. అది వద్దు. బల్బు ఉన్న పిపెట్ ఇవ్వమని మర్యాదగా అడగండి. అడిగినందుకు ఎవరూ మార్కులు తగ్గించరు.

కళ్లు తిరిగి కుర్చీలో కూలబడేవాళ్లు ప్రతి బ్యాచ్‌లోనూ ఒకరిద్దరు ఉంటారు. దానికి సిగ్గుపడనక్కర్లేదు. రక్తం చూసినప్పుడు నాడి మందగించి, బీపీ ఒక్కసారిగా పడిపోవడం కొందరి శరీర స్వభావం. శనివారం ఒంటిపొద్దు ఉండి ల్యాబ్‌కు వస్తే ఆ అవకాశం మరింత ఎక్కువ. టిఫిన్ చేసి రండి, కూర్చుని పొడుచుకోండి. రక్తం త్వరగా గడ్డకట్టని సమస్య ఉన్నా, అలాంటి మందులు వాడుతున్నా మేడమ్‌కో, సార్‌కో విడిగా ముందే చెప్పండి. మరొకటి: ల్యాబ్‌లో తేలిన బ్లడ్ గ్రూప్‌ను నేర్చుకోవడానికి చేసిన పరీక్షగానే చూడాలి. దాన్ని పట్టుకుని ఐడీ కార్డు మీద రాయించుకోకండి.

ఇక అసలు పని. తెల్ల కణాల లెక్కనే తీసుకోండి. రక్తాన్ని పిపెట్‌లో 0.5 గీత దాకా, ఆపైన టర్క్ ద్రావణాన్ని 11 గీత దాకా తీసుకోవాలి. మధ్యలో గాలి బుడగ దూరితే మళ్లీ మొదటికి. న్యూబార్ ఛాంబర్‌లో నాలుగు మూలల గడులలో కణాలు లెక్కపెట్టి, వచ్చిన సంఖ్యను 50తో గుణిస్తే ఘన మిల్లీమీటరుకు ఎన్ని కణాలో తెలుస్తుంది. గీత మీద కూర్చున్న కణాన్ని ఏం చేయాలి? పై గీత, ఎడమ గీత మీదవాటిని లెక్కలోకి తీసుకుని, కింది గీత, కుడి గీత మీదవాటిని వదిలేయాలి. ఈ నియమం పాటించకపోతే ఒకే కణం రెండు గడుల్లోనూ లెక్కకు వచ్చేస్తుంది. 50 ఎక్కడి నుంచి వచ్చిందన్నది ఎక్స్‌టర్నల్ ఎగ్జామినర్ తప్పకుండా అడిగే ప్రశ్న. రక్తం 20 రెట్లు పలచబడింది; నాలుగు గడుల ఘనపరిమాణం 0.4 ఘన మిల్లీమీటర్లు, 20ని 0.4తో భాగిస్తే 50. ఇదంతా ఎంపీసీ బుర్రకు చిటికెలో పని. బైపీసీ మిత్రులు తడబడే చోట ఎంపీసీవాళ్లు మెరిసే సందర్భాలు ఈ ల్యాబ్‌లో తక్కువేం కాదు.

అందరికీ పద్నాలుగున్నరేనా?

ఇప్పుడు రికార్డు దగ్గరికి వద్దాం. అలవాటు ఎలా ఉంటుందో తెలిసిందే. అబ్జర్వేషన్ బుక్‌లో ఏదో గిలికి, సెమిస్టర్ చివర్లో సీనియర్ రికార్డు తెచ్చుకుని రెండు రాత్రుల్లో దించేయడం. బ్యాచ్ మొత్తం రికార్డులు తిరగేస్తే అబ్బాయిలందరి హిమోగ్లోబిన్ 14.5, అమ్మాయిలందరిదీ 13. నిజంగా అంత ఆరోగ్యంగా ఉన్న బ్యాచ్ ఎక్కడా దొరకదు. జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ఐదో విడత (2019-21) ప్రకారం దేశంలో 15-49 ఏళ్ల మహిళల్లో 57 శాతం మందికి రక్తహీనత ఉంది. గర్భిణి కాని మహిళకు డెసిలీటరుకు 12 గ్రాముల లోపు ఉంటే రక్తహీనత అంటారు. అంటే మీ బల్ల చుట్టూ నిలబడ్డ అమ్మాయిల్లో సగం మందికి పైగా 12 లోపు వచ్చినా ఆశ్చర్యపోనక్కర్లేదు. వాళ్లంతా పుస్తకంలోని నార్మల్ విలువ చూసి 13 రాస్తే, తమ ఒంట్లో రక్తం తక్కువని తెలుసుకునే అవకాశాన్ని తమ చేత్తో తామే పోగొట్టుకున్నట్టు.

సాలీ పద్ధతిలో హిమోగ్లోబిన్ ఎందుకు తప్పుతుందో కూడా రాయండి. యాసిడ్‌లో రక్తం కలిపాక పది నిమిషాలు ఆగాలి, అప్పటికి గానీ గోధుమరంగు పూర్తిగా తేలదు. ఆగకుండా నీటి చుక్కలు కలుపుతూ పోతే విలువ తక్కువ వస్తుంది. ‘నాకు 9.8 వచ్చింది, బహుశా తొందరపడ్డాను, మళ్లీ చేస్తే 11.2 వచ్చింది’ అని రాసిన పేజీకి మంచి అధ్యాపకులెవరూ మార్కు తగ్గించరు. తగ్గించేవాళ్లు లేరని అనను. అయినా రాయండి.

ఎందుకంటే నాలుగేళ్ల తర్వాత మీరు జీడిమెట్లలోనో, పాశమైలారంలోనో, విశాఖ దగ్గర పరవాడలోనో క్వాలిటీ కంట్రోల్ ల్యాబ్‌లో చేరితే అడిగేది సరిగ్గా దీన్నే. చూసింది చూసినప్పుడే రాయాలి. ఎవరు రాశారో తెలియాలి. చదవగలిగేలా ఉండాలి. మొదటిసారి రాసిన కాగితమే ఉండాలి, తర్వాత రాసిన ‘ఫెయిర్ కాపీ’ చెల్లదు. ఉన్నది ఉన్నట్టు ఉండాలి. ఈ ఐదింటినీ కలిపి పరిశ్రమలో ‘ఆల్కోవా’ అంటారు. తప్పు పడితే ఒక్క గీతతో కొట్టేసి, పక్కన సంతకం, తేదీ వేసి, సరైనది రాయాలి; కింద రాసింది కనబడుతూనే ఉండాలి. వైట్‌నర్ కనిపిస్తే అక్కడే పెద్ద గొడవ. డేటా విశ్వసనీయతపై అమెరికా ఎఫ్‌డీఏ 2018 డిసెంబరులో ప్రత్యేకంగా మార్గదర్శకాలే ఇచ్చింది. తనిఖీకి వచ్చిన ఇన్‌స్పెక్టర్ మొదట తీయమనేది మిషన్ కాదు, లాగ్‌బుక్. తొలి ఏడాదిలో రికార్డు దించడం నేర్చుకున్న చేతికి ఇక్కడ రాయడం ఎంత కష్టమో ఇంటర్వ్యూలు చేసే హెచ్ఆర్‌వాళ్లను అడిగితే చెబుతారు.

కొలత నమ్మదగినదైతే దానికి ఎంత ఆయుష్షుంటుందో చెప్పడానికి మన భీమవరం వాసి ఒకరున్నారు. యల్లాప్రగడ సుబ్బారావు అమెరికా వెళ్లకముందు మద్రాసులో ఆయుర్వేద కళాశాలలో అనాటమీ చెప్పారు. హార్వర్డ్‌లో సైరస్ ఫిస్క్‌తో కలిసి 1925లో ప్రచురించిన ఫాస్ఫరస్ కొలిచే పద్ధతి వాళ్లిద్దరి పేర్లతోనే బయోకెమిస్ట్రీ పుస్తకాల్లో నిలిచింది.

ఎముకలు, స్లైడ్లు, వైవా

ఎముకల విషయంలో పుస్తకం ముందేసుకుని బట్టీ పడితే లాభం లేదు. ఎముకను చేతిలోకి తీసుకుని మీ ఒంటి మీదే పెట్టి చూసుకోండి. తొడ ఎముకలో గుండ్రటి తల పైకి, లోపలి వైపుకి ఉండాలి; గరుకుగా నిలువునా సాగే గీత వెనక్కి ఉండాలి. అలా పట్టుకున్నప్పుడు ఏ కాలికి కుదిరితే అది ఆ కాలిదే. మొత్తం 206 ఎముకల్లో నడిమి అస్థిపంజరానివి 80, కాళ్లూ చేతులూ వాటి ఆధారాలవి 126. స్పాటర్‌లో (నమూనాను చూసి గుర్తించే పరీక్షలో) పేరుతోపాటు వైపు కూడా రాస్తేనే పూర్తి మార్కు.

మైక్రోస్కోప్ గురించి పెద్దగా చెప్పేదేం లేదు: రెండు చేతులతో పట్టుకెళ్లండి, తక్కువ పవర్‌తో మొదలుపెట్టండి, ఆయిల్ వాడితే తుడిచి పెట్టండి.

ఈ ల్యాబ్‌లో వైవా అంటే చాలామంది భయపడేది నిర్వచనాలకు. అసలు అడిగేవి ‘ఎందుకు’ ప్రశ్నలు. క్లాటింగ్ టైమ్‌లో కేశనాళికను అర నిమిషానికోసారి ఎందుకు విరుస్తున్నావు? ఫైబ్రిన్ దారం ఎప్పుడు కనిపిస్తుందో చూడటానికి. బీపీ చూసేటప్పుడు ముందు నాడి పట్టుకుని ఎందుకు చూస్తావు? స్టెతస్కోప్‌తో వినేటప్పుడు శబ్దాలు మధ్యలో ఆగి మళ్లీ వినిపించే అవకాశం ఉంది కాబట్టి. ప్రతి ప్రయోగానికీ ఇలాంటి మూడు ‘ఎందుకు’లు మీరే రాసుకుని రండి, చాలు.

తర్వాత ఇది ఎక్కడ పనికొస్తుందంటే, హైదరాబాద్‌లో బీఫార్మసీవాళ్లను తీసుకునే మెడికల్ కోడింగ్, ఫార్మకోవిజిలెన్స్ కంపెనీల్లో. కోడింగ్‌లో ఐసీడీ-10 కోడ్ కుడి చేతికొకటి, ఎడమ చేతికొకటి ఉంటుంది. మణికట్టు ఎముకలు తెలియనివాడు డాక్టర్ నోట్ చదివి కోడ్ ఎలా ఇస్తాడు? ఫార్మకోవిజిలెన్స్‌లో ఒక మందు వాడిన రోగికి ప్లేట్‌లెట్లు పడిపోయాయని రిపోర్ట్ వస్తే, అది ఎంత తీవ్రమో అంచనా వేయడానికి మొదటి సెమిస్టర్‌లో నేర్చుకున్న రక్తం పాఠమే దిక్కు. ఎంఫార్మసీ ప్రవేశ పరీక్ష జీప్యాట్ రాసేవాళ్లకు ఫార్మకాలజీ కింద పునాది కూడా ఇదే.

నర్సింగ్, ఫిజియోథెరపీ విద్యార్థులకూ దాదాపు ఇవే పద్ధతులు. ఎంబీబీఎస్‌లో మాత్రం డిసెక్షన్ హాల్ ఉంటుంది. అక్కడ జాతీయ వైద్య కమిషన్ (ఎన్ఎంసీ) నిబంధనల ప్రకారం థియరీకి 75 శాతం, ప్రాక్టికల్స్‌కు 80 శాతం హాజరు కావాలి. దేహదానం చేసినవారిని తొలి గురువుగా భావించాలని సిలబస్‌లోనే ఒక మాడ్యూల్ ఉంది. కాబట్టి ఫొటోలు, రీల్స్ అక్కడ పూర్తిగా నిషేధం. ఫార్మాలిన్ వాసనకు కళ్లు మండుతాయి కనుక కాంటాక్ట్ లెన్స్ బదులు కళ్లజోడు పెట్టుకుని వెళ్లడం మేలు.

అడ్మిషన్‌కూ క్లాసులకూ మధ్య దొరికే రోజుల్లో కొన్ని పనులు పూర్తి చేసుకోండి. మోచేతుల దాకా కాకుండా మణికట్టు దాకా చేతులున్న కాటన్ ఏప్రాన్ రెండు కుట్టించుకోండి, ఒకటి ఉతికినప్పుడు మరొకటి. చెప్పులు కాదు, మూసి ఉండే బూట్లు. జుట్టు ముడి వేసుకోవడానికి రబ్బరు బ్యాండ్, చిన్నగా కత్తిరించిన గోళ్లు. హెపటైటిస్-బి టీకా చిన్నప్పుడు వేయించారో లేదో ఇంట్లో కనుక్కోండి. వేయించకపోతే మొదటి డోసు ఇప్పుడే వేయించుకోండి. రెండోది నెలకు, మూడోది ఆరో నెలకు వస్తుంది. అంటే మూడో డోసు పడేసరికి మీరు రెండో సెమిస్టర్‌లో ఉంటారు.